చివరి గది కోసం దాచిన గింజ

కాలేజీలు మనవాళ్లతో కిక్కిరిసిన రోజుల్లో, కెనడాలో, కిచెనర్ ఊళ్లోని ఒక బేస్‌మెంట్‌లో నలుగురం ఉండేవాళ్లం. మాలో సీనియర్ అన్న నోట ఎప్పుడూ ఒకటే మాట: "ఇంకొక్క గది చూసి పడుకుందాం రా."

అది ఆదివారాలు బల్ల చుట్టూ కూర్చుని మేం ఆడుకునే రాక్షసుల గుహ ఆటలో మాట. అందులో అతను కత్తివీరుడు, నేను వైద్యుణ్ణి. చింతపండులోంచి ఏరిన గింజలే నా మందులు. గుహలో పడుకుని విశ్రాంతి తీసుకుంటేనే, వాడిన గింజలు నాకు తిరిగొస్తాయి. అతను పడుకోనిచ్చేవాడు కాదు. నా గింజలన్నీ అతని గాయాలకే అయిపోయేవి. ఒకటి మాత్రం, నేను పడిపోతే లేపడానికి ఉంటుందని నేనే అతని చేతిలో పెట్టాను.

ఆ రోజూ అలాగే ఇంకో గదిలోకి లాక్కెళ్లాడు. రాక్షసుడు నన్ను పడగొట్టాడు.

"అన్నా, ఆ గింజ ఇవ్వవా?"

"ఎప్పుడో వాడేశాను రా," అన్నాడు, పిడికిలి బల్ల కిందికి జారుస్తూ.

నేను చచ్చాను. ఆట సర్దుతుంటే ఆ పిడికిట్లోంచి గింజ రాలిపడింది.

"చివరి గదిలో పెద్ద రాక్షసుడుంటాడు కదరా, దానికని దాచా," అన్నాడు, సిగ్గయినా పడకుండా.

మొదటి చలికాలం తన కోటు విప్పి నాకు తొడిగిన మనిషి అతనే. ఆ చెయ్యీ ఈ చెయ్యీ ఒకటేనంటే నాకిప్పటికీ నమ్మబుద్ధి కాదు.

సెమిస్టర్ అయిపోయి తలో దిక్కూ వెళ్లిపోయాం. ఆ చివరి గది తలుపు ఎవ్వరం తెరవనేలేదు. ఆ గింజ దేనికైనా వాడి ఉంటే, నేను చచ్చినందుకు నాకింత మండేది కాదు.