లమ్దువాన్ అక్క తిట్లు

లమ్దువాన్ అక్క నోరు తెరిస్తే తిట్లే. మనుషుల్ని కాదు, కణాల్ని. పొద్దున్నే కణాల్ని పెంచే వెచ్చని పెట్టె తలుపు తీసి తన గిన్నెల్లోకి తొంగిచూస్తుంది. "ఛీ, అనాకారి వెధవల్లారా! అద్దంలో చూసుకున్నారా ఎప్పుడైనా?"

మా బ్యాంకాక్‌లో ముద్దొచ్చే పసిబిడ్డని అనాకారి అనే అనాలి. బాగుందంటే దయ్యం విని ఎత్తుకుపోతుంది. ఈవిడ ఆ పద్ధతి ల్యాబుకి తెచ్చింది.

మా పని ఒక్కో జన్యువు పనిచెయ్యకుండా దాని నోరు నొక్కి, రక్తాన్ని పుట్టించే మూలకణాలు పెరుగుతాయో చస్తాయో చూడటం. ఆవిడ గిన్నెల్లో గుంపులు గుంపులు. నా గిన్నెల్లో శవాలు. ఒళ్ళు మండిపోయేది. దానికి తోడు ప్రొఫెసర్ ఒకరు.

"ఫాయ్, శుక్రవారానికి కణాలు పెరక్కపోతే నీ జన్యువు లమ్దువాన్‌కి ఇచ్చేస్తా."

నా జన్యువు! నా థీసిస్ అంతా దానిమీదే! గంటకోసారి పెట్టె తెరిచి చూసుకోవడం మొదలెట్టాను. ఆవిడ పెట్టె కూడా తెరిచేదాన్నే, కానీ తాళం వేసేసింది మహాతల్లి.

"మళ్ళీ తీశావా? లోపల పిల్లలకి చలెయ్యదుటే?"

"మీ పిల్లల్ని మీరు తిట్టుకోండక్కా. నా వాళ్ళ జోలికి రాకండి."

"అలాగేలే," అంది నవ్వుతూ. ఆ నవ్వు చూస్తే ఇంకా మండింది.

శుక్రవారం ప్రొఫెసర్ నా గిన్నె మైక్రోస్కోపు కింద పెట్టారు. "ఒక్క కణం కూడా లేదే!"

"ఉండవండీ," అంది అక్క. "అవి ఖాళీవి. వారం కిందట దాని గిన్నెలు తీసేసి, మూతలమీద దాని రాతలాగే రాసి నేనే పెట్టాను."

"అమ్మో, దొంగ!" అని అరిచేశాను. మైక్రోస్కోపు కింద పెట్టి చూసే ధైర్యం లేక, వారంగా ఖాళీ గిన్నెలకి మేత పోస్తున్నానన్నమాట!

ఆవిడ తన పెట్టె తాళం తీసి వెనక అరలోంచి గిన్నెలు తెచ్చింది. మూతలమీద నా రాతే. లోపల కిక్కిరిసిపోయి ఉన్నాయి కణాలు.

"చెబితే నా పెట్టె కూడా గంటకోసారి తీయిస్తావని చెప్పలేదే. పొద్దున నేను తిట్టేది సగం వీటినే. చూడు, నా వాటికన్నా చండాలంగా ఉన్నాయి!"

నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. 'నా వాటికన్నా' అంది! అంటే ఆవిడ వాటికన్నా నావే బాగున్నాయని!

ఇంతలో మా ల్యాబులో కొత్తగా చేరిన తన్వా తన గిన్నె పట్టుకొచ్చాడు. అక్క తొంగిచూసి ముక్కు మూసుకుంది. "అబ్బ, ఇంత వికారం నా జన్మలో చూళ్ళేదురా!"

నాకు మళ్ళీ ఒళ్ళు మండింది.