చాలు అనని నాగభూషణం

అన్నం వడ్డించేటప్పుడు నాగభూషణం ‘చాలు’ అనడు. కంచం మీద అరచెయ్యి అడ్డం పెడతాడు. ఓసారి భార్య సునంద చూసుకోక వేళ్ల మీదే వేడి పప్పు పోసింది. చురుక్కుమన్నా సరే, ఆ మాట మాత్రం నోట రాలేదు. ఇదేం మొండితనమని అడిగితే మొహం పాలిపోతుంది.

ఆయనది పిడుగురాళ్ల. తండ్రి బతుకంతా సున్నపు బట్టీల్లోనే గడిచింది. కొడుకు డిప్లొమా చదివి, ఢిల్లీలో కృత్రిమ ఎముకలు తయారుచేసే ల్యాబులో టెక్నీషియన్‌గా చేరాడు. అయినా బట్టీ తప్పలేదు, కాకపోతే ఇది కరెంటుది. ఎముకలో ఉండే ఖనిజాన్నే పొడి చేసి, ముద్దగా కలిపి యంత్రానికి పెడితే, జంతికల గొట్టంలోంచి వచ్చినట్టు సన్నటి తీగలు వరస మీద వరస పడి కన్నాల ముక్క ఒకటి తయారవుతుంది. కాలిస్తే గట్టిపడుతుంది. ఒంట్లో పెడితే ఆ కన్నాల్లోకి సొంత ఎముక పెరుగుతూ వస్తుందని ఆశ. 2008లో మొదటిసారి దాన్ని ఒక మనిషికి పెట్టడానికి అనుమతి వచ్చింది.

ఆ మనిషి ఉమ, ఢిల్లీ లక్ష్మీనగర్‌లో గది తీసుకుని సివిల్స్‌కి చదువుతున్న తెలుగు పిల్ల. బస్సు దిగుతూ పడి దవడ ఎముక కొంత పోగొట్టుకుంది. కొలతలకి వచ్చినప్పుడు ఈయన తెలుగు విని ప్రాణం లేచొచ్చి, నాకేం కాదు కదా అంకుల్ అని అడిగింది.

“నా చేత్తో చేస్తున్నానమ్మా. భయపడకు.”

మాట ఇచ్చేశాడు మహానుభావుడు.

సోమవారం ముక్కలు బట్టీలో ఉన్నాయి. టైమర్ పాడైంది, ఆపడం చేత్తోనే. సరిగ్గా ఆపాల్సిన నాలుగింటికే కాంట్రాక్టు పొడిగింపు కాగితాల కోసం ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. లోపల సహాయకురాలు గౌరి ఉంది, బులంద్‌షహర్ మనిషి, నమ్మకస్తురాలు. గుమ్మంలోంచే బట్టీ వైపు చెయ్యి చూపి, “గౌరీ దీదీ, చాలు” అన్నాడు. పదిహేనేళ్లుగా హిందీ మాట్లాడే నోరు తొందరలో అమ్మభాషలోకి జారింది.

“ఠీక్ హై, సాబ్” అంది గౌరి. ఆయన తిరిగొచ్చేసరికి ఏడైంది, బట్టీ ఆరిపోయే ఉంది.

గురువారం ఉదయం టీ తాగుతూ ఆవిడే మామూలుగా చెప్పింది, మీరు చాలూ ఉంచమన్నారుగా, ఆరింటికి ఇంటికెళ్తూ నేనే ఆపేశానని. హిందీలో ‘చాలూ’ అంటే నడుస్తూ ఉండటం అని అర్థం. నాగభూషణం గ్లాసులో టీ చొక్కా మీద ఒలికింది. ముక్కలు రెండు గంటలు ఎక్కువ కాలాయన్నమాట. వాటిని అప్పటికే సీలు వేసి సాకేత్ దగ్గరి ఆస్పత్రికి పంపేశారు. పదకొండింటికి ఆపరేషన్. అప్పటికి పదింబావు.

ఆ ఖనిజం మితిమీరి కాలితే కొంత కాల్చిన సున్నంగా మారుతుంది. దానికి తడి తగిలితే ఏమవుతుందో పిడుగురాళ్లలో పుట్టినవాడికి ఒకరు చెప్పాలా? తండ్రి పాదాల మీద, తడిసి ఉడికిన సున్నం కాల్చిన మచ్చలు గుర్తొచ్చాయి. చెబితే ఉద్యోగం పోతుంది, చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఆ ‘ఎవరికీ తెలియదు’ అన్నదే ఆయన్ని మరీ భయపెట్టింది.

అదనంగా చేసి ఉంచిన ముక్క ఒకటి మిగిలి ఉంది. గాజు పళ్లెంలో పెట్టి నీళ్లు పోశాడు. కాసేపు ఏమీ కాలేదు. హమ్మయ్య అనుకోబోతుండగా టిక్కుమని చిన్న చప్పుడైంది. అంచు పగిలింది. వేలు పెడితే వెచ్చగా తగిలి పొడైపోయింది.

ఆపరేషన్ థియేటర్‌కి ఫోన్ చేశాడు. రెండుసార్లు మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాడు. మూడోసారి ఎవరో ఎత్తారు.

“ఆ ముక్క పెట్టకండి. బట్టీ దగ్గర తప్పు జరిగింది.”

“మీరెవరు?”

“తప్పు చేసినవాణ్ణి.”

ఉమకి అప్పటికే మత్తు ఇచ్చారు, కత్తి మాత్రం పెట్టలేదు. నాగభూషణానికి మెమో వచ్చింది, పొడిగింపు ఏడాదికి బదులు మూడు నెలలకే ఇచ్చారు. కొత్త ముక్కల్ని కాల్చినప్పుడు ఆయన బట్టీ ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు, కదల్లేదు.

కొత్త ముక్క పెట్టిన ఆరు నెలలకు ఉమ వీళ్లింటికి భోజనానికొచ్చింది. గారెలు కరకరా నమిలి తింటుంటే సునంద ఇంకో రెండు వెయ్యబోయింది.

“చాలు ఆంటీ” అంది ఉమ నవ్వుతూ.

నాగభూషణం కంచం ముందు నుంచి లేచి వంటింట్లోకి వెళ్లాడు. పొయ్యి ఆరిపోయే ఉంది. అయినా నాబ్ పట్టుకుని ఇంకోసారి తిప్పి చూశాడు.