మడమ జారని సాక్సులు

భద్రాచలం రోడ్డు మీద బస్సు దిగి, అడవి అంచు వెంట కొంత దూరం నడిస్తే నేను పాఠాలు చెప్పే బడి వస్తుంది. నాకు షుగర్ ఉందని తేలాక ఆ నడకకు బూట్లు తప్పనిసరయ్యాయి. చీర కింద బూట్లు చూసి పిల్లలు మొదట్లో నవ్వారు, తర్వాత మరిచిపోయారు. నా ఇబ్బంది బూట్లతో కాదు, సాక్సులతో. ఇంట్లో ఉన్నాయి కదా అని మా ఆయనవే తొడుక్కునేదాన్ని. సగం దారిలోనే అవి మడమ దిగి అరికాలి కింద ఉండచుట్టుకునేవి. టేకు చెట్టుకు చెయ్యి ఆనించి, ఒంటికాలి మీద నిలబడి పైకి లాక్కునేదాన్ని. కాస్త నడవగానే మళ్ళీ జారేవి. పోనుపోను ఆ ముడత నాకు తెలియడమే మానేసింది. అలవాటైందనుకున్నాను.

ఒక సాయంత్రం బట్టలు నానబెడుతూ మా ఆయన కేకేశాడు.

"ఏందిది? నీ సాక్సుకు రక్తం ఉంది."

అరికాలు తిప్పి చూసుకుంటే బొటనవేలి కింద బొబ్బ పగిలి పచ్చిగా ఉంది. నొప్పి మాత్రం లేదు. ఆ నొప్పి లేకపోవడమే నన్ను భయపెట్టింది. మా అక్కకూ షుగరే. తనకూ ఇట్లాగే మొదలై, చివరికి చిటికెనవేలు తీసేశారు.

మర్నాడు దవాఖానాలో డాక్టరమ్మ పుండు కడిగి, "లోపలికి పోలేదు, భయపడకండి. కాళ్ళలో స్పర్శ తగ్గింది, అందుకే తెలియలేదు" అంది. మానేదాకా నడవొద్దంది. బడికి సెలవు పెట్టి, ఖమ్మం దగ్గరి ఖానాపురం హవేలిలో ఉండే అక్క ఇంట్లో ఉన్నాను. రోజూ పొద్దున అక్క నా పాదం ఒళ్ళో పెట్టుకుని చూసేది. "ఎండుతుంది" అని తను అన్నాకే నేను చాయ్ తాగేదాన్ని.

పుండు మానింది. కాలు పట్టేసే సాక్సులు వద్దు, జారేవీ వద్దు అని డాక్టరమ్మ చెప్పిన మాట పట్టుకుని అక్క నన్ను ఖమ్మం బజారుకు తీసుకుపోయింది.

"సాక్సులు తొడిగి చూడనియ్యం అమ్మా" అన్నాడు దుకాణమాయన.

"కొన్నంకనే తొడుగుతం" అని అక్క రకానికొక జత కొనేసింది.

దుకాణం మెట్ల మీదే కూర్చుని తొడిగి చూశాను. మొదటిది కాసేపుంచి విప్పితే చీలమండ చుట్టూ ఎర్రటి గీత. రెండోది నాలుగడుగులకే దిగింది. మూడోది మెత్తటి నూలు, నా పాదానికి సరిపోయే సైజు. మడమ కూర్చునేందుకు గుంటలాగా అల్లి ఉంది, పైన వెడల్పు పట్టీ.

"ఆ మెట్లెక్కి దిగు" అంది అక్క.

"అందరు చూస్తున్నరే అక్కా."

"చూడనీ. నా వేలు పోయేటప్పుడు ఎవరన్న చూసిన్రా?"

మెట్లెక్కి దిగాను. సాక్సు కదల్లేదు. అక్క అవే ఇంకో రెండు జతలు తీసుకుంది.

మళ్ళీ బడికి వెళ్ళిన రోజు దారిలో ఎక్కడా ఆగలేదు. ఇంటికి రాగానే మా ఆయన నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, ఫోన్ లైటు వేసి రెండు పాదాలూ వేళ్ళ సందులతో సహా చూశాడు.

"ఏం లేదు. మంచిగున్నయి" అన్నాడు.

వెంటనే అక్కకు ఫోన్ చేసి చెప్పాను. వేళ్ళ సందులు కూడా చూశాడా అని అక్క రెండుసార్లు అడిగింది. తర్వాత, "అన్నం తిన్నవా?" అంది.