బాపు పెట్టిన సగం బొట్టు

పోయినవి ముందు రాస్తాను. ఎనిమిది ఉలులు, చిత్రిక పట్టే రందకు నాలుగు బ్లేడ్లు, రెండు కత్తులు, మొత్తం పద్నాలుగు అంచులు. మోట తోలు పట్టీ ఒకటి. బెజ్జంకి ఆసామి ఇంటికి చేయవలసిన ఆరు తలుపులు, తొమ్మిది కిటికీలు. బాపు పక్కన నేను కూర్చునే రెండడుగుల జాగ. అంచులు మళ్లీ నూరితే వచ్చాయి. మిగిలినవి రాలేదు.

మాది వడ్రంగం. ఎనభైల చివర్లో, సిద్దిపేట బస్టాండుకు రెండు గల్లీల అవతల ఒక కిరాయి రేకుల షెడ్డులో బాపు, అన్న, నేను పని చేసేవాళ్లం. నాకు ఇరవై నాలుగేళ్లు. పనిముట్లను సానరాయి మీద నూరడం అన్న వంతు, తర్వాత తోలు మీద లాగి పదును తేవడం నా వంతు.

తోలు పట్టీ అంటే మూరెడు చెక్క, దానికి పిడి, ఒక వైపు అంటించిన తోలు. ఆ తోలు మా తాత, బావి నీళ్లు తోడే ఒక పాత మోట నుంచి కోసి పెట్టింది. మోట బావులు పోయి కరెంటు మోటార్లు వచ్చాక అంత మందం, అంత మెత్తన ఉన్న తోలు మళ్లీ ఎక్కడా దొరకలేదు. దానికి ఆముదం రాసి, పల్చటి గుడ్డలో జల్లించిన బూడిద చల్లి, ఉలిని వెనక్కి లాగాలి. ముందుకు నెడితే తోలు తెగుతుంది. ఒక్కో అంచుకు నలభై సార్లు. నేను బడికి పోయింది మూడో తరగతి దాకానే. నలభైలు కూడుకుంటూ పోయి, పద్నాలుగు అంచులకు ఐదు వందల అరవై అని తెలుసుకున్నది ఆ తోలు ముందు కూర్చునే.

బాపుది ఒక నియమం ఉండేది. అంచు పాడుచేసినవాడు దాన్ని తానే నూరి, తోలు మీద మూడు వందలు లాగాలి. అన్న లాగాడు, నేనూ లాగాను. ఒకసారి బాపే చూసుకోక మేకు మీద రంద నడిపాడు. ఆ రోజు మా ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని, పైకి లెక్కపెడుతూ మూడు వందలు లాగాడు. అందుకే ఆ నియమం మీద నాకు అంత నమ్మకం.

దసరా నాడు షెడ్డు అలికి, ముగ్గు వేసి, దాని మీద పనిముట్లు పేర్చి పూజ చేసేవాళ్లం. బొట్లు పెట్టేది బాపు ఒక్కడే. ఎప్పుడో బాడిశ దెబ్బకు ఆయన ఉంగరపు వేలి కొన సగం ఎగిరిపోయింది. ఆ వేలితో పెట్టిన బొట్టు సగమే పడేది, విరిగిన గాజు ముక్కలాగా. తోలు పట్టీకి మాత్రం పూజలో జాగ లేదు. ముగ్గు రాతి పొడి కదా, తోలుకు అంటితే అంచులన్నీ గీరుకుపోతాయి. ఆ మాట మాకు చెప్పింది బాపే. పట్టీ ఆ రోజంతా మేకుకే వేలాడేది.

నేను చెబుతున్న ఏటికి బాపు కళ్లకు పొర వచ్చింది. ఉలులను చేత్తో తడిమి గుర్తుపట్టేవాడు. టేపు నాకిచ్చి, "నీ లెక్క ఎట్లున్నదో చూద్దాం, చెప్పు" అనేవాడు, తనకు కనిపించక కాదన్నట్టు. అన్నకు తెలుసు, నాకు తెలుసు. మేం ఆ సంగతి మా ఇద్దరి మధ్య కూడా ఎత్తలేదు. చూపు లేని వడ్రంగికి తలుపులు ఎవరు అప్పజెప్తారు?

దసరా ముందు రోజు నేను తోలుకు ఆముదం రాసి, మేకుకు తగిలించకుండా బల్ల మీద ఆరబెట్టాను. పొద్దున బంతిపూలకు పోయి వచ్చేసరికి పనిముట్లన్నీ ముగ్గు మీద ఉన్నాయి. పూలు కప్పాం, కొబ్బరికాయ కొట్టాం. మర్నాడు పూజ ఎత్తి, అన్నిటినీ తుడిచి బల్ల మీద పెట్టింది అన్న.

పూజ మర్నాటి పని మా ఇంట్లో ఒక పద్ధతిగా జరిగేది. చిన్నవాడు పద్నాలుగు అంచులనూ వరుసగా, మధ్యలో లేవకుండా, మాట్లాడకుండా తోలు మీద లాగాలి. ఏ ఒక్కదాన్నీ వేలితో కూడా చూడకూడదు. ఆ ఏటి మొదటి పదును చూసేది పెద్దవాడి చెయ్యి. బెజ్జంకి ఆసామి కూడా ఆ పొద్దునే వచ్చి, తలుపుల కొలతల కాగితం పట్టుకుని స్టూలు మీద కూర్చున్నాడు.

నేను లాగడం మొదలుపెట్టాను. ఆముదంలో తడిసిన బూడిదదీ ముగ్గుదీ ఒకటే రంగు, కంటికి ఏమీ తెలియలేదు. పది అంచులు అయ్యాక చప్పుడు మారినట్టు అనిపించింది. తోలు మీద ఉలి చీర కుచ్చిళ్లు సర్దినట్టు జరగాలి. అది ఇసుక మీద చెప్పు ఈడ్చినట్టు వినిపించింది. లేవకూడదు కదా అని మిగతా నాలుగూ లాగేశాను. ఇది నా తప్పు, దీన్ని లెక్కలోంచి దాచను.

బాపు మొదటి ఉలి తీసుకుని, ఎప్పటిలాగే ఎడమ ముంజేతి వెంట్రుకల మీద నడిపించాడు. వెంట్రుకలు తెగలేదు. చర్మం గీరుకుని నెత్తురు వచ్చింది.

"ఏం వడ్లాయనా," అని ఆసామి నవ్వాడు, "తలుపులకు గూడ గిట్లనే నెత్తురొస్తదా?"

బాపు నవ్వలేదు. రెండోది చూశాడు, మూడోది చూశాడు. తోలు మీద బొటనవేలు రాసి, ఆ వేలిని చూపుడువేలితో నలిపాడు. "ముగ్గు," అన్నాడు. "దీన్ని తీస్కపోయి ముగ్గుల ఎవడు పెట్టిండు?"

నేను పట్టీని తిరగేశాను. వెనక చెక్క మీద పసుపు, పసుపు మీద బొట్టు. సగం బొట్టు. బల్ల మీద దొరికిన చెక్కను చిన్న రంద అనుకుని, తోలు వైపు ముగ్గులోకి బోర్లించి, వీపున బొట్టు పెట్టింది ఎవరో దాని మీదే రాసి ఉంది. అన్న కూడా చూశాడు. ఆ పొద్దున దాన్ని తుడిచి బల్ల మీద పెట్టిన చేతులు ఆయనవే.

"బాపూ, గీ బొట్టు..." అన్నాను.

అన్న నా చెయ్యి పట్టుకుని పక్కకు లాగాడు. చెవిలో అన్నాడు: "ఆసామి ముంగట బాపుకు కండ్లు లేవని చెప్తవా? బుద్ధున్నదా?" వెంటనే గొంతు పెంచాడు. "మొన్న పట్టీని మేకుకు తలిగెయ్యకుంట బల్ల మీద పడేసింది వీడే, బాపూ."

అందులో అబద్ధం లేదు. పట్టీని మళ్లీ తోలు పైకి వచ్చేలా తిప్పాను.

"పద్నాలుగు," అన్నాడు బాపు. "ఒక్కదానికి మూడు వందలు. లెక్కలు బాగ చేస్తవు గద, ఎంతైతదో చెప్పు."

"నాలుగు వేల రెండు వందలు."

"కానియ్యి."

పాడైన తోలును పీకేసి, ఇంట్లో ఉన్న పాత బెల్టు ముక్క అంటించుకున్నాను. రోజంతా నూరడం, లాగడం. నాలుగు రోజుల్లో పదకొండు అంచులు అయ్యాయి. మూడు వేల మూడు వందలు. అరచేతిలో బొబ్బలు పగిలాయి. ఆ నాలుగు రోజుల్లో ఎవరూ లేనప్పుడు బాపుకు చెప్పాలని ఎన్నిసార్లో అనుకున్నాను. అన్న షెడ్డు వదిలి కదిలేవాడు కాదు. ఐదో రోజు బెజ్జంకి నుంచి కబురు వచ్చింది, తలుపులు వేరే వాళ్లకు ఇచ్చుకున్నామని. కబురు విని బాపు నా చేతిలోంచి పన్నెండో అంచు తీసుకున్నాడు.

"నీ చెయ్యి అంచుకు పనికొచ్చే చెయ్యి గాదు. వేరే పని జూస్కో."

అన్న తల దించుకుని కట్టె కోస్తూ ఉన్నాడు. రంపం ఆపలేదు.

ప్రజ్ఞాపూర్ పోయే తొవ్వలో ఒక టింబర్ డిపో ఉండేది. దాని యజమాని ముసలాయన. "హిసాబ్ వస్తదా?" అని అడిగి, ఒక మొద్దు పొడవు, చుట్టుకొలత చెప్పాడు. నేను కళ్లు మూసుకుని ఎన్ని ఘనపుటడుగులో చెప్పాను. "ఎక్కడ చదివినవ్ రా?" అన్నాడు. "తోలు మీద చాచా," అన్నాను. ఆయన అది ఎకసెక్కం అనుకుని నవ్వి, పనిలో పెట్టుకున్నాడు. అప్పటి నుంచి మొద్దులు కొలుస్తూనే ఉన్నాను.

రెండేళ్లకు దవాఖానలో బాపు కళ్ల పొర తీశారని విన్నాను. ఆ తర్వాత నెల తిరక్కముందే ఒక మధ్యాహ్నం ఆయన డిపోకు వచ్చాడు, చంకలో తువ్వాలు చుట్టిన మూట పెట్టుకుని. నల్ల కళ్లద్దాల వెనక కళ్లు కనిపించలేదు. ఒక మొద్దు మీద కూర్చుని మూట విప్పాడు. పట్టీ. తోలు కొత్తది, చెక్క పాతదే. వీపున ఆ సగం బొట్టు నల్లబడి, ఇంకా ఉంది.

"కత్తున్నదా?"

పెన్సిళ్లు చెక్కుకునే నా మడత కత్తి ఇచ్చాను. పట్టీని మోకాళ్ల మీద పెట్టుకునే ముందు ఆయన దాని వీపును నా వైపు తిప్పి కాసేపు అలాగే పట్టుకున్నాడు. తర్వాత లాగడం మొదలుపెట్టాడు. ఈసారి పైకి లెక్కపెట్టలేదు. నేను మనసులో పెట్టాను. ముప్పై ఎనిమిది, ముప్పై తొమ్మిది, నలభై. ఆగాడు. ముంజేతి మీద నడిపించాడు, వెంట్రుకలు నున్నగా తెగాయి.

"మంచిగ తెగుతది," అన్నాడు.

నేను నిలబడి ఉన్నాను. నాకు కావలసింది ఒక్క మాట. పట్టీని తువ్వాల్లో చుట్టుకుని లేచి, రెండడుగులు వేసి, వెనక్కి తిరిగాడు.

"నేనొచ్చినట్టు మీ అన్నకు చెప్పకు బిడ్డా."

మళ్లీ రాలేదు. నేను షెడ్డుకు పిలుపు వస్తుందని చూశాను, రాలేదు. తొంభైలు సగం గడిచాక ఆయన పోయాడు. పదకొండో రోజు అన్నను అడిగాను, పట్టీ ఏదని. అప్పటికి షెడ్డులో కరెంటు రంద వచ్చింది. "గా చెక్కనా?" అన్నాడు. "నీళ్లు కాగబెట్టేటందుకు పొయ్యిల పెట్టినట్టున్నరు."

నేను చేసిన మూడు వేల మూడు వందల్లో, చప్పుడు విని కూడా ఆపని నాలుగు అంచులకు పన్నెండు వందలు నావే. మిగిలిన రెండు వేల వంద బాపువి. అందులో బాపు డిపోలో మొద్దు మీద కూర్చుని నలభై తీర్చాడు. ఇంకా రెండు వేల అరవై రావాలి.