షెడ్డుకి ఒక వాటా

పైడమ్మ బేరమాడే పద్ధతి కాశీబుగ్గ చేపల బజారులో అందరికీ తెలుసు. ధర కుదరకపోతే గొంతు పెంచదు. తట్ట నెత్తికెత్తుకుని నడిచిపోతుంది, వెనక్కి చూడదు. ఏ మలుపు దగ్గరో కొనేవాళ్ళే పిలుస్తారు. పిలవకపోతేనో అని నేనొకసారి అడిగాను.

"పిలుత్తారు బాబూ. పిలవనోళ్ళకి ఆకలి లేదన్నమాట. ఆకలి లేనోళ్ళకి సేపలెందుకు?" అంది.

ఈ మనిషి ఉద్దానం తీరంలో తన ఎండుచేపల షెడ్డును వెల్డింగు నేర్పే చోటుగా మార్చింది. ఆమెకు వెల్డింగు రాదు. ఇప్పటికీ ఆ వెలుగు పడితే మొహం తిప్పేసుకుంటుంది. వచ్చిందల్లా బేరం. ఆ షెడ్డు మొత్తం బేరాల మీదే లేచింది.

టెక్కలి వైపు పోర్టు పనులు మొదలైన దగ్గర్నుంచి పైడమ్మ వారానికి రెండుసార్లు అక్కడి కూలీల క్యాంపుకి చేపలు వేసేది. అక్కడ పొడవాటి రేకుల గదుల్లో ఎక్కడెక్కడి రాష్ట్రాల వాళ్ళో ఉండేవారు. ఆమె ఊరి మగవాళ్ళేమో సగానికి పైగా గుజరాత్ బోట్ల మీద పనికి పోయేవారు. ఆమె భర్త కృష్ణారావు కూడా అక్కడే.

"మనోళ్ళు పనికోసం గుజరాత్ ఎల్తన్నారు. అట్నుంచోళ్ళు పనికోసం మనూరొత్తన్నారు. మద్దిలో రైలోడికే లాబం" అంది ఒకరోజు, క్యాంపులో చేపలు తూచుతూ.

ఎదురుగా ఉన్న నిరంజన్ నవ్వాడు. ఇచ్ఛాపురం వాడు, క్యాంపులో వెల్డర్ల మేస్త్రీ. ఇంట్లో ఒడియా, బయట తెలుగు. పైడమ్మను ఒడియా అలవాటుతో మావుసీ, అంటే పిన్నీ అని పిలుస్తాడు.

"ఇక్కడ పని తెలిసినోళ్ళు దొరకరు మావుసీ."

"నేర్పితే దొరుకుతారు."

"ఎవరు నేర్పుతారు?"

"నువ్వే. డ్యూటీ దిగినాక మావూరు రా."

"నాకేటి వత్తాది?"

"సేపల కూర."

నిరంజన్ ఇంకా గట్టిగా నవ్వాడు. పైడమ్మ తట్ట ఎత్తుకుని నడిచింది. నెలల తరబడి మెస్సు పప్పు తిన్న మనిషి అతను. ఆమె గేటు దాటకముందే పిలిచాడు.

టెక్కలిలో ఒక గ్రిల్సు షాపు వాడి దగ్గర మూలపడ్డ వెల్డింగు మిషను, క్యాంపు చెత్తలోంచి ఇనుప ముక్కలు, పక్కనున్న ఐసు షెడ్డు నుంచి కరెంటు, అన్నీ అలాగే వచ్చాయి. కానీ రాడ్లు మాత్రం కాలిపోయేవి. వెల్డింగు రాడ్డంటే అగరుబత్తి లాంటిదే, వెలిగించిన కొద్దీ తరుగుతుంది. ఎప్పటికప్పుడు కొత్తవి కావాలి. అందుకని పైడమ్మ ఊరి పెద్ద నారాయణ దగ్గరకెళ్ళి షెడ్డుకి వేటలో వాటా అడిగింది.

అక్కడి పద్ధతి ఏమిటంటే, పడిన చేపను వాటాలు వేస్తారు. పడవకొక వాటా, వలకొకటి, ఇంజనుకొకటి, వేటకెళ్ళిన మనిషి మనిషికీ ఒకటి. రేవులో అందరూ కూర్చుని ఉండగా నారాయణ ఆమెను ఎగాదిగా చూశాడు.

"పడవకి వాటా ఎందుకిత్తాం? నీటిలోకెల్తాది. వలకెందుకు? నీటిలోకెల్తాది. మరి నీ షెడ్డు ఏ నీటిలోకెల్తాదే పైడీ?"

"వానొత్తే నీరే షెడ్డులోకెల్తాది మావా!" అని ఎవడో అరిచాడు. రేవంతా నవ్వింది.

పైడమ్మ తట్ట నెత్తికెత్తుకుని నడిచింది. చివరి పడవ దాటింది. ఎవరూ పిలవలేదు. జీవితంలో మొదటిసారి తట్ట దించుకుని తనే వెనక్కి వచ్చింది.

"ఇదిగో మావా. వేట ఆపీసిన కాలం అయ్యీలోగా మన పిల్లల్లో ఒక్కరికైనా పోర్టులో వెల్డరు పని వత్తే షెడ్డుకి వాటా ఇయ్యాల. రాకపోతే షెడ్డు మీదే. వలలెట్టుకోండి, నేనేటనను."

"వెల్డరు పనే. రాళ్ళు మోసీ పని కాదు" అన్నాడు నారాయణ.

"వెల్డరు పనే."

చేపలు గుడ్లు పెట్టే ఆ వేసవి రెండు నెలలూ ప్రభుత్వం వేట ఆపేస్తుంది. పడవలు ఇసుక మీద, కుర్రాళ్ళు ఖాళీగా. రాడ్లకి పైడమ్మ ఎండుచేపల డబ్బే దిక్కు. నారాయణ కొడుకు ప్రకాష్ ముందు వేళాకోళానికి వచ్చి, తర్వాత వదలకుండా రావడం మొదలుపెట్టాడు. పైడమ్మ కూతురు గౌతమి ఇంటర్ అయి ఇంట్లో ఉంది. ఒక సాయంత్రం ఎవరినీ అడగకుండా హెల్మెట్ తగిలించుకుని కూర్చుంది.

"ఏటే గౌతమీ, పెళ్ళిసూపులకి కూడా ఈ ముసుగే ఏసుకుంతావా?" అన్నాడు ప్రకాష్.

"ఏసుకుంతాను బావా. నీలాటోడొత్తే ముసుగుంటేనే మంచిది."

షెడ్డులో సగం ఎండుచేపలు, సగం నిప్పురవ్వలు. రోజులు బాగానే గడుస్తున్నాయనుకుంటుండగా అతుకులు పాడవడం మొదలైంది. ఎవరు పెట్టినా అతుకంతా చిల్లులే, దోసె మీద పడ్డట్టు. పిల్లలు చేతుల్ని తిట్టుకున్నారు, మిషన్ను తిట్టుకున్నారు. నిరంజన్ ఒక రాడ్డు తీసి వేళ్ళతో నలిపాడు. పైపూత మెత్తగా వచ్చేసింది.

"ఇవెక్కడ పెట్టినావు మావుసీ?"

పైడమ్మ గర్వంగా చూపించింది. ఇంట్లో విలువైనది ఏదైనా ఆమె ఉప్పు బస్తాల మధ్యే దాస్తుంది. అక్కడ ఎలుక రాదు, దొంగ చెయ్యి పెట్టడు. పెట్టెలు విప్పి రాడ్లన్నీ అక్కడే పేర్చింది. ఉప్పు గాలిలో తేమంతా లాగి రాడ్లకిచ్చింది.

"దేవుడా! బంగారవైతే ఉప్పులో పెట్టు. రాడ్డుకి తడి తగలకూడదు."

"ఎండబెడతాను. నాకదే కదా పని."

"ఎండ సాలదు. పొయ్యిలో కాగాల. క్యాంపులో దానికి పెట్టెలాంటి పొయ్యుంది గానీ బయటోళ్ళకియ్యరు."

మర్నాడు పొద్దున్నే రాడ్ల కట్ట చేపల తట్టలో పెట్టుకుని పైడమ్మ కాశీబుగ్గ వెళ్ళింది. అక్కడ జగన్నాథరావు బేకరీ ఉంది. ఆయన భార్యకు ఏళ్ళ తరబడి చేపలు పోస్తోంది.

"బన్నులు తీసీసినాక మీ పొయ్యి ఊరికే సల్లారిపోతాది గదా బాబూ. నా ఇనప బన్నులు కూడా కాల్సీండి."

జగన్నాథరావు తట్టలోకి చూసి, "ఏటమ్మా ఇవి? నా బ్రెడ్డుకి ఏ వాసనొత్తాదో" అన్నాడు.

"ఎండు వంజరం ముక్క వత్తాది మీ ఇంటికి" అంటూ ఆమె తట్టకు చెయ్యి వేసింది. ఎత్తక ముందే ఆయన ఒప్పుకున్నాడు. ఆ రోజు నుంచి రాడ్లు బేకరీలో వేగి, నూనె డబ్బాల్లో మూత బిగించుకుని ఊరికి వచ్చేవి. అతుకులు మళ్ళీ నున్నగా పడ్డాయి.

వేట నిషేధం ముగియబోతుండగా క్యాంపులో పరీక్ష పెట్టారు. రెండు ప్లేట్లు అతికి ఇవ్వాలి. అతుకు మధ్యకు వచ్చేలా దాన్ని ప్రెస్సు కింద పెట్టి వంచుతారు. చీలితే అంతే సంగతులు. పైడమ్మ గేటు దగ్గర తట్ట పక్కన పెట్టుకుని నిలబడింది. నారాయణ కూడా వచ్చాడు. కొడుకు కోసం వచ్చానని ఒప్పుకోకుండా బీడీ కాలుస్తూ.

ప్రకాష్ ప్లేటు సగం వంగి చిట్లింది. నారాయణ బీడీ పారేశాడు. తర్వాత వాళ్ళవీ ఒకటొకటే చీలాయి. గౌతమిది వంగింది. ఇంకా వంగింది. గుర్రపు నాడాలా రెండు కొసలూ ఒకవైపుకి వచ్చినా వెంట్రుకంత చీలిక లేదు.

పరీక్ష పెట్టిన ఇంజనీరు ఆ ప్లేటు చేత్తో పట్టుకునే గేటు దాకా వచ్చాడు. "అమ్మాయి బాగా చేసింది. ముందు హెల్పరుగా చేరమనండి. ఆర్నెల్ల తర్వాత చూద్దాం."

నారాయణ పైడమ్మ వైపు చూశాడు. హెల్పరంటే వెల్డరు కాదు. షెడ్డు పోతుంది. పైడమ్మ తట్ట నెత్తికెత్తుకుంది.

"అమ్మా, ఎల్లకే. హెల్పరైనా పరవాలేదు" అంది గౌతమి గొంతు తగ్గించి.

"నడు."

రేవులో ఎవరూ పిలవని రోజు తనకు గుర్తొచ్చిందని పైడమ్మ నాతో చెప్పింది. అయినా నడిచింది. ఇసుక లారీలు ఆగే చోటు దాటింది. గౌతమి ఏడుస్తూ వెనకాల వస్తోంది.

"ఏమ్మా! ఆగండి!"

ఇంజనీరు గేటు బయటికి వచ్చేశాడు. వంగిన ప్లేటు ఇంకా చేతిలోనే ఉంది. "వెల్డరుగానే తీసుకుంటాను. ఇలాంటి అతుకు నాకూ కావాలి."

"జీతం కూడా వెల్డరుదేనా బాబూ?"

"వెల్డరుదే."

"మరి తప్పినోళ్ళకి మళ్ళీ పరీచ్చ ఎప్పుడు?"

ఇంజనీరు నవ్వి, వెనకే వచ్చిన నిరంజన్ వైపు తిరిగి, "మళ్ళీ పెడదాంలే" అన్నాడు. నారాయణ ఇంకో బీడీ వెలిగించుకున్నాడు. "దీంతో బేరం నాకొద్దురా నాయనా" అన్నాడట, ఎవరితోనో.

ఆ రెండో పరీక్షలో ప్రకాష్ నెగ్గాడు. షెడ్డులో ఇప్పుడు ఇంకో బల్ల కూడా ఉంది. దాని మీద కరెంటు ప్యానెలు వైర్లు కలపడం నేర్పుతారు. జీడిపప్పు ఒలిచే ఆడవాళ్ళు పని దిగాక కాశీబుగ్గ నుంచి ఆటోలో వస్తారు. కృష్ణారావు గుజరాత్ నుంచి ఫోను చేసి, తనకూ ఒక సీటుంటుందా అని అడిగాడట. "పరీచ్చ నెగ్గాల" అందట పెళ్ళాం.

అయితే ఆమె ఎక్కువగా చెప్పుకునేది నిషేధం ఎత్తేసిన తర్వాతి మొదటి వేట గురించి. ఇసుక మీద చేపలు పోసి నారాయణ పేరు పేరునా పిలిచాడు. పడవకి. వలకి. ఇంజనుకి. మనుషులకి. ఆఖర్న "షెడ్డుకి" అన్నాడు. రేవులో ఈలలు పడ్డాయి.

పైడమ్మ కుప్ప వైపు చూసి మూతి తిప్పింది. "ఇదేటి మావా, పిల్లులకేసినట్టు?"

నారాయణ తన వాటాలోంచి రెండు పెద్ద వంజరాలు తీసి పైన పడేశాడు. ఆమె తట్టకు చెయ్యి వేసింది. చేపలన్నీ నింపిన తట్ట కదల్లేదు. ఈసారి నిజంగానే బరువు.

"అలా సూత్తావేటి మావా, ఓ సెయ్యెయ్యి" అంది.

ఒక పక్క నారాయణ, ఒక పక్క గౌతమి పట్టి తట్ట ఆమె నెత్తికెత్తారు. పైడమ్మ కాశీబుగ్గ ఆటో కోసం నడిచింది. బజారు ముగిసేలోగా అమ్మి, రాడ్లు కొని, బేకరీ పొయ్యి చల్లారకముందే అందులో పెట్టాలి.