మైకు బాబాయ్ తొండం ఏసీ

కూరగాయల మార్కెట్లో వేలం పాడటం నా పని. తెల్లవారేసరికి లారీల పక్కన బల్ల ఎక్కి, టమాటా బుట్టల కోసం, క్యాబేజీ మూటల కోసం గొంతు చించుకుంటాను. ఇన్నేళ్లలో మైకు పట్టుకున్న పాపాన పోలేదు, అవసరం రాలేదు. అందుకే మార్కెట్లో అందరూ నన్ను మైకు బాబాయ్ అంటారు. అదేదో బిరుదనుకుని చాలాకాలం పొంగిపోయాను. ఇంటికి వచ్చాక కూడా ఆ మైకు ఆగదన్న సంగతి మాత్రం ఈ వేసవిదాకా నా బుర్రకెక్కలేదు.

మాది అద్దె ఇల్లు, మూడో అంతస్తు. నెత్తిన డాబా, డాబా నెత్తిన ఎండ. మధ్యాహ్నం కుళాయి తిప్పితే వచ్చే నీళ్లతో కాఫీ కలుపుకోవచ్చు. వేసవి సెలవులకి మా అమ్మాయి ఆఫీసుకి సెలవు పెట్టి, నాలుగేళ్ల కూతుర్ని వెంటబెట్టుకుని వస్తుంది. నెల్లాళ్లు ఉంటానని వస్తుంది, మూడోనాటికల్లా సంచి సర్దుతుంది. "ఎండ నాన్నా, పాప తట్టుకోలేకపోతోంది" అంటుంది. ఏటా ఇదే వరస. వాళ్లు వెళ్లాక ఇల్లు బావురుమంటుంది. మా ఆవిడ రెండ్రోజులు నాతో మాట్లాడదు. "ఎండ కాస్తే నేనేం చేశానే?" అని అడిగితే నన్ను ఎగాదిగా చూసి వంటింట్లోకి వెళ్లిపోతుంది. ఆ చూపుకి అర్థం వెతుక్కోవాలని నాకు తోచనే లేదు.

ఈసారి ఎలాగైనా వాళ్లని నెల్లాళ్లు ఉంచుకుని తీరాలని పంతం పట్టాను. గోడకి మేకు కొట్టినా ఇంటి ఓనరు ఊరుకోడు, ఇక ఏసీకి కన్నం పెట్టనిస్తాడా! అందుకని చక్రాల మీద నడిచే ఏసీ కొనడానికి వెళ్లాను. షాపులో కుర్రాడు మర్యాదస్తుడు.

"సార్, ఒక్క మాట. దీని వెనకాల గొట్టం ఉంటుంది కదా..."

"గొట్టం సంగతి నాకు తెలుసు బాబూ. నువ్వు ధర సంగతి చెప్పు."

"సౌండ్ కూడా కొంచెం ఎక్కువే సార్..."

"సౌండ్ గురించి నాకా చెప్తావు?"

పాపం, ఇంకేం చెప్తాడు? నోరు మూసుకుని బిల్లు రాశాడు. నేను బేరంలో గెలిచానన్న హుషారులో ఇంటికొచ్చాను.

అప్పటికే అమ్మాయి, మనవరాలు దిగారు. మిషన్‌ని హాల్లో నిలబెట్టాను. వెనక తొండంలా వేలాడే గొట్టాన్ని లాగి వంటింట్లోకి తిప్పాను. ముందువైపు చల్లగాలి మాకు, వెనకవైపు చల్లగాలి మా ఆవిడకి. ఇంత తెలివి షాపు కుర్రాడికైనా ఉంటుందా అని మురిసిపోయాను. కాసేపటికి మా ఆవిడ ఎర్రబడిన మొహంతో, చేతిలో గరిటెతో బయటికొచ్చింది.

"ఏమండీ, ఇవాళ కూరా, నేనూ ఒకేసారి ఉడకాలనా?"

అమ్మాయి పొట్టపట్టుకుని నవ్వింది. గదిలోంచి లాగిన వేడంతా ఆ గొట్టంలోంచే పోతుందని, దాన్ని కిటికీలోంచి బయటికి పెట్టాలని తనే చెప్పింది. మిషన్‌తో వచ్చిన ప్లాస్టిక్ పలక మా కిటికీ ఊచలకి పట్టలేదు. మార్కెట్ నుంచి యాపిల్ పళ్ల అట్టపెట్టెలు తెచ్చి, కోసి, టేపు చుట్టి, కిటికీ మొత్తం మూసేసి గొట్టానికి మాత్రం దారి వదిలాను. మర్నాటి నుంచి పక్కింటావిడ తడిబట్టలన్నీ మా గొట్టానికి ఎదురుగా ఆరేయడం మొదలుపెట్టింది. నా ఏసీ వల్ల మొట్టమొదట బాగుపడింది ఆవిడే.

ఇక మోత. పిండిమరలో కాపురం పెట్టినట్టుంది. అయినా గది చల్లబడింది, పాప చల్లగా నిద్రపోయింది. పాప నిద్రపోతోంది కాబట్టి నేను గొంతెత్తకూడదు. గొంతెత్తకపోతే మిషన్ మోతలో నా మాట ఎవరికీ వినపడదు. బట్టలు ఎలా మడతపెట్టాలో, పాపకి అన్నం ఎలా తినిపించాలో, అల్లుడు ఏ ఉద్యోగానికి మారాలో, అన్నీ చెప్పాను. "ఆఁ? వినపడట్లేదు నాన్నా!" అంది అమ్మాయి చెయ్యూపుతూ. లారీల హారన్లని మింగేసిన గొంతు ఒక డబ్బా ముందు ఓడిపోయింది. రెండ్రోజులు పెదాలాడించి, విసుగొచ్చి మానేశాను.

మూడోనాడు అమ్మాయి సంచి సర్దలేదు. వారం దాటింది, రెండో వారమూ వచ్చింది. మార్కెట్లో నన్ను పట్టేవాడు లేడు. ఎండ మెడలు వంచానని బల్లెక్కి మరీ చెప్పాను.

ఒక మధ్యాహ్నం మిషన్ వెనక గొంతుక్కూర్చుని, దాని అడుగున చేరిన నీళ్లు బేసిన్‌లోకి వంపుతున్నాను. పాప తలుపు తీసిపెట్టిన పడకగదిలో నిద్రపోతోంది. హాల్లో ఆ చివర మంచం మీద తల్లీకూతుళ్లు ఒకరి చెవిలో ఒకరు అరుచుకుంటున్నారు. నాకు ఒక్క ముక్కా అందలేదు. అంతలో కరెంటు పోయింది. మిషన్ ఠక్కున ఆగింది. అమ్మాయి మాట మాత్రం ఆగలేదు.

"...చల్లదనం ఎవరిక్కావాలమ్మా! ఇది మోగుతుంటే నాన్న నోరు వినపడదు, అందుకే హాయిగా ఉన్నా!"

దాని గొంతు నా పోలికే కదా, మూడంతస్తులకీ వినపడి ఉంటుంది. బేసిన్ జారి నీళ్లన్నీ నా కాళ్ల మీద పడ్డాయి. అమ్మాయి నాలుక కరుచుకుంది. మా ఆవిడ ఈసారి కూడా అదే చూపు చూసింది. ఇన్నేళ్లకి దాని అర్థం తెలిసింది.

"ఏటా ఎండ అనే చెప్పావు కదే?" అన్నాను. నా గొంతు అంత చిన్నగా రావడం నాకే కొత్త.

"మరేం చెప్పమంటావు నాన్నా? నేను సగం మాట అనేసరికి నువ్వు దానికి మందు చెప్పేస్తావు. నీ దగ్గర ఒక్క మాటైనా పూర్తిచేశానా నేను?"

"అది కాదమ్మా, నీ మంచికే కదా నేను..."

"చూశావా? ఇప్పుడూ అదే."

తల కొట్టేసినట్టయింది. ఏ పాపమూ ఎరగని ఎండని ఇన్నేళ్లూ తిట్టిపోశాను. కన్నకూతురు నా నోటికి జడిసి పారిపోయేదని తెలిసి ఏడుపొచ్చింది, కానీ ఏడిస్తే వాళ్లే ఓదార్చాలి, మళ్లీ మాటంతా నాదే అవుతుంది. కాళ్లు తుడుచుకుంటూ కూర్చున్నాను.

కరెంటు వచ్చింది. ఫ్యాన్ తిరిగింది. మిషన్ దానంతటది మొదలవదు, బటన్ నొక్కాలి. చెయ్యి అక్కడిదాకా పోనిచ్చి ఆగాను.

"వెయ్యనా?" అన్నాను.

అమ్మాయి పక్కనున్న పాప గౌను తీసి మడవడం మొదలుపెట్టింది.

"ఉండనీ నాన్నా. కాసేపు చూద్దాం."

చూద్దామన్నది ఎండ గురించి కాదని నాకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేకపోయింది. వచ్చి మంచం పట్టె మీద కూర్చున్నాను. తను మడుస్తున్న గౌను పక్కన పెట్టింది. ఆఫీసులో కిందటేడు వచ్చిన పైఅధికారి రోజూ అందరి ముందూ చిన్నబుచ్చుతున్నాడట. ఉద్యోగం మానేద్దామని ఏడాదిగా నలిగిపోతోందట. అల్లుడికి తెలుసు, మా ఆవిడకి తెలుసు, నాకే తెలియదు. తను రెండు ముక్కలు చెప్పేలోపే ఆ అధికారికి ఎలా గడ్డిపెట్టాలో, పిచ్చిదానిలా తనెందుకు ఊరుకుందో, అన్నీ నా నాలుక చివరికి వచ్చేశాయి. చొక్కా వీపుకి అంటుకుపోతోంది. వచ్చినవన్నీ మింగాను.

"ఊఁ, తర్వాత?" అన్నాను.

తను చెప్పింది.