ఐసులో పెట్టిన సంచి

దెయ్యాల కబుర్లు మొదలవగానే అక్కణ్ణుంచి లేచి వెళ్లిపోయే రకం నేను. బీఎస్సీ జువాలజీ చదివాను. ఇప్పటికీ నాకు నమ్మకం లేదు. అయినా ఇది రాయకుండా ఉండలేకపోతున్నాను.

రెండువేల సంవత్సరం దాటిన ఐదారేళ్లకు మాకు పాప పుట్టింది. బొడ్డుతాడు రక్తాన్ని దాచిపెట్టడం అప్పుడే కొత్తగా వచ్చింది. అందులో మూలకణాలుంటాయని, బిడ్డ ప్రాణం మీదికొస్తే పనికొస్తాయని పేపర్లో చదివి, నేనే పట్టుబట్టి ఒక కంపెనీలో పేరు రాయించాను. కంపెనీ మనిషి ఇంటికొచ్చి రెండుసార్లు చెప్పాడు, ఆ రక్తం పట్టిన సంచిని ఐసులో మాత్రం పెట్టకూడదని.

మా అత్త హార్బర్‌లో చేపలమ్మేది. కాన్పు రోజు మా ఆయన పోర్టులో డ్యూటీలో ఉన్నాడు. నర్సు ఇచ్చిన సంచి పెట్టెను అత్త చేతికిచ్చి, సాయంత్రం కంపెనీ మనిషి వచ్చేదాకా పాడవకుండా చూడమన్నాను. ఐసు సంగతి చెప్పడం మర్చిపోయాను. పెట్టె మీద ఇంగ్లీషులో రాసే ఉంది. అత్తకు చదువు రాదు.

పాడవకుండా చూడటమంటే ఆమెకు తెలిసింది ఒకటే. థర్మోకోల్ పెట్టె తెప్పించి, వంజరం చేపల్ని సర్దినట్టు, అడుగున ఐసు, మధ్యలో సంచి, పైన మళ్లీ ఐసు పరిచింది. ఐసు దిమ్మల మీద కప్పే ఊక కూడా అక్కడక్కడా అంటుకుని ఉంది.

వచ్చిన మనిషి మూత తీసి చూసి, ఇక ఆ రక్తం పనికిరాదన్నాడు. మా ఆయన తల్లి మీద విరుచుకుపడ్డాడు.

"ఐసెయ్యకపోతే పాడైపోద్ది కదేట్రా. నా మనవరాలిది నాను సెడగొట్టుకుంటానేటి?" అంది అత్త. తర్వాత నా వైపు చూసింది.

నేనే చెప్పలేదు అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. పక్కకు తిరిగి పాపకు పాలిచ్చాను.

ఆ రోజు నుంచి అత్త పాపను ముట్టుకునే ముందు, "ఎత్తుకోనా అమ్మా?" అని నన్ను అడిగేది. పాపకు రెండేళ్లు నిండకముందే గుండెపోటుతో పోయింది.

మూడో ఏట పాపకు న్యుమోనియా వచ్చింది. ఐసీయూలో వెంటిలేటర్ మీద పెట్టారు. నాలుగు రోజులైనా జ్వరం దిగలేదు. ఆ రక్తం ఉండుంటే బతికించేవారా అని డాక్టరుగారిని అడిగాను. ఇలాంటి ఊపిరితిత్తులను మూలకణాలతో బాగుచేయవచ్చేమోనని పరిశోధనలు జరుగుతున్నాయని, ఎప్పటికైనా ఆ రోజు రావచ్చని అన్నారు. ఇవాళ మాత్రం ఆ సంచి చేతిలో ఉన్నా వాడేవాణ్ణి కాదన్నారు. దేనికోసం అత్తను దోషిగా నిలబెట్టానో అప్పుడు అర్థమైంది.

మర్నాడు మధ్యాహ్నం నన్ను పది నిమిషాలు లోపలికి పంపారు. పాప మంచం కింద నీళ్లు.

"పొద్దున్నుంచి మూడుసార్లు తుడిపించినానమ్మా. మీరేటైనా ఐసు తెచ్చినారేటి?" అని నర్సు విసుక్కుంది.

నేనేమీ తేలేదు. ఏసీ అవతలి గోడకుంది. అది కారడం లేదని మెకానిక్ చూసి వెళ్లాడట. సెలైన్ గొట్టాలు పొడిగానే ఉన్నాయి. వంగి ఆ నీళ్లలో వేలు పెట్టాను. జివ్వుమంది.

పాప నుదురు తాకాను. నాలుగు రోజుల తర్వాత మొదటిసారి చల్లగా ఉంది. బిగించిన గుప్పిలి మెల్లగా విప్పితే, లోపల తడిసిన ఊక, నాలుగు పొట్టు రేకులు.

మందులు పనిచేశాయన్నారు డాక్టరుగారు. అదే నిజం కావచ్చు. నీళ్లకూ ఏదో కారణం ఉండే ఉంటుంది. చెప్పులు కూడా బయటే విప్పించే గదిలోకి ఊక ఎలా వచ్చిందో మాత్రం నాకు ఈనాటికీ తెలియదు. దాన్ని కాగితంలో చుట్టి బీరువాలో దాచాను.

మొన్న చుట్టాలొచ్చినప్పుడు పాపను పక్కన కూర్చోబెట్టుకుని మా ఆయన, "మాయమ్మ దీని రక్తాన్ని సేపల్లాగ ఐసులో పెట్టేసింది" అన్నాడు. అందరూ నవ్వారు.

నేనూ నవ్వాను.